రాహుకాలంలో ఎగిరిన బెలూన్

నాకూ అంతరిక్షానికీ మొదటి గొడవ ఏడో తరగతిలో వచ్చింది. సౌరకుటుంబం బొమ్మ గీసుకు రమ్మన్నారు సైన్సు మాస్టారు. నేను సూర్యుడితో మొదలుపెట్టాను. అన్నం కంచం బోర్లించి చుట్టూ గీత గీస్తే గుండ్రంగా వస్తుందన్న తెలివి నాది. కంచం పెద్దది, కాగితం చిన్నది. సూర్యుడు పూర్తయ్యేసరికి మిగతా కుటుంబానికి చోటు మిగల్లేదు.

"భూమేదిరా?" అన్నారు మాస్టారు.

"మనం దాని మీదే నిలబడ్డాం కదండీ, ఇక్కణ్ణించి ఎట్టా కనపడుద్ది?" అన్నాను.

క్లాసంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వలేదు, బెత్తం అందుకున్నారు. ఆ మధ్యాహ్నం కాగితం మీద పట్టని గ్రహాలన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. ఆ ఏడాదే బడికీ నాకూ తెగిపోయింది. గుణదలలో ఒక షామియానా కొట్లో గుంజలు మోసే పనికి కుదిరాను. ఇప్పుడు ఆ కొట్టు నాదే. పెళ్ళికైనా, దినానికైనా, మేరీమాత తిరునాళ్ళకైనా, ఎమ్మెల్యే గారి పుట్టినరోజుకైనా అదే గుడ్డ, అవే గుంజలు. కింద కూర్చునేవాళ్ళ ముఖాలు మారతాయి, అంతే.

అలాంటి నేను అంతరిక్ష పరిశోధనకి షామియానా వేశానంటే ఆ తప్పు నాది కాదు. నేలంతా కాలేజీలతో నిండిపోతే ఇక వాళ్ళు మాత్రం ఎటు పోతారు, పైకే కదా.

హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వైపు తిరిగితే రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో ఒక అద్దాల మేడ. అదే యూనివర్సిటీ. మొన్నమొన్నటిదాకా ఉత్త కాలేజీ. బోర్డు మార్చిన రోజు కూడా షామియానా నాదే కాబట్టి ఆ అద్భుతం కళ్ళారా చూశాను. పొద్దున లెక్చరర్లుగా గేటు దాటి లోపలికి వచ్చినవాళ్ళు భోజనాల వేళకి ప్రొఫెసర్లయిపోయారు. సాంబారు మాత్రం పాత కాలేజీదే.

అందులో అంతరిక్ష పరిశోధనా కేంద్రం అని ఒక గది ఉంది. ఏ పెద్దమనిషి వచ్చినా ఆ గదికి మళ్ళీ రిబ్బను కట్టి మళ్ళీ కత్తిరిస్తారు. రిబ్బను నాది, కత్తెర నాది, కత్తెర పెట్టే పళ్ళెం నాది. పరిశోధన మాత్రమే వాళ్ళది. లోపల ఏసీ, సోఫాలు, గోడల నిండా ఎవరెవరితోనో ఒప్పందాలు కుదుర్చుకున్న ఫోటోలు. ప్రతి ఫోటోలోనూ ఇద్దరు మనుషులు చేతులు కలుపుకొని, ఒకరినొకరు చూసుకోకుండా కెమెరా వంక చూస్తుంటారు. గది మధ్యలో ఒక టెలిస్కోపు. ఆయుధపూజ నాడు దానికి బొట్టు పెట్టారు. పెట్టింది గొట్టానికి కాదు, ముందున్న అద్దానికి. తుడిస్తే అపచారమేమోనని ఎవరూ తుడవలేదు. కుంకుమ ఇప్పటికీ అలాగే ఉంది. అందులోంచి ఎవరైనా ఆకాశం వంక చూసి ఉంటే కదా ఇబ్బంది తెలిసేది.

అసలు పని జరిగేది ఆ గదిలో కాదు. జనరేటర్ పక్కన పాత బల్లలు పడేసుకునే కొట్టు లాంటిది ఒకటి ఉంది, అందులో. చేసేది మా వీధమ్మాయి. వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు. పిల్ల చిన్నప్పటి నుంచీ నన్ను బాబాయ్ అంటుంది, నేను దాన్ని ఆటపట్టిస్తాను. ఆ అమ్మాయి పీహెచ్‌డీ అంతా ఒక పెట్టె మీద. బూట్ల డబ్బా కంటే చిన్నది. అందులో ఒక రేడియో, కొన్ని సెన్సార్లు, ఒక బ్యాటరీ. బాగా పైకి పోయాక అక్కడి చలికి తట్టుకొని ఆ రేడియో కిందికి మాట్లాడుతుందా లేదా అన్నది తేలాలి. అందుకని ముందు దాన్ని బెలూన్‌కి కట్టి పంపాలి. పనిచేసిందని ఆ నెలాఖరులోగా చూపిస్తే, రాకెట్లు వేసేవాళ్ళు తమ రాకెట్‌లో ఆ పెట్టెకి ఒక మూల చోటిస్తామన్నారు. చూపించలేకపోతే ఆ మూల ఇంకో యూనివర్సిటీకి పోతుంది. ఈ అమ్మాయి ఇన్నేళ్ళ చదువూ జనరేటర్ పక్కనే మిగిలిపోతుంది.

ఇవన్నీ నాకు ఎలా తెలుసంటే, ఆ బెలూన్ ఎగరేసే సభకి షామియానా సామాను తీసుకెళ్ళే రోజు మా వ్యానులో ముందు సీట్లో కూర్చుని వచ్చింది ఆ అమ్మాయే. పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. గుంటల్లో వ్యాను ఎగిరినప్పుడల్లా దాన్ని చంటిపిల్లలా పైకెత్తి పట్టుకునేది.

"అంటే అమ్మాయ్, ఇంత చదువూ చదివి చివరికి గాలిబుడగ ఎగరేస్తావన్నమాట. తిరునాళ్ళలో మనవాళ్ళు రోజంతా చేసేది అదే."

"తిరునాళ్ళ బుడగలు పైకెళ్ళాక ఎక్కడున్నాయో కబురు చేస్తాయా బాబాయ్?"

"చెయ్యవు. చెయ్యి జారి పోయినాయంటే పిల్లలు ఏడుస్తారు, అంతే."

"ఇది పోతే నేనూ ఏడుస్తాను లెండి. లెక్క సరిపోద్ది."

మేం చేరేసరికి గేటు దగ్గర ఫ్లెక్సీ కడుతున్నారు. దాన్ని చూడగానే నా ఏడో తరగతి కాగితం గుర్తొచ్చింది. మధ్యలో ఛైర్మన్ గారి తల. బోర్లించిన కంచానికి గీసినంత గుండ్రంగా, అంత పెద్దగా ఉంది. పక్కన ముఖ్య అతిథి గారి తల, వయసుకి తగ్గట్టు కాస్త చిన్నది కాదు, పదవికి తగ్గట్టు కాస్త చిన్నది. మూలన ఏదో పరాయి దేశపు రాకెట్ నిప్పులు కక్కుతోంది. బెలూన్ లేదు, పెట్టె లేదు, పెట్టె చేసిన అమ్మాయి లేదు. భూమికి అందులోనూ చోటు దొరకలేదు. నన్ను కొట్టిన మాస్టారు ఇది చూస్తే ఎవర్ని కొడతారా అని కాసేపు ఆలోచించాను.

హెచ్‌ఓడీ గారు వచ్చారు. మంచివాడే. ఆయనకి రెండే మాటలొచ్చు. పైవాళ్ళతో "ఓకే సార్", కిందివాళ్ళతో "చూద్దాం". చేతిలో కార్యక్రమం కాగితం ఉంది.

"ముందు జ్యోతి ప్రజ్వలన, వెంటనే బెలూన్," అన్నారు. "కుంది ఇక్కడ పెట్టించవయ్యా, బెలూన్ పక్కన."

"సార్, బెలూన్‌లో నింపేది హైడ్రోజన్," అంది అమ్మాయి.

"నాకు తెలీదా తల్లీ, కెమిస్ట్రీ నేను మాత్రం చదవలేదా?"

"మరి దీపం దాని పక్కనే పెట్టమంటున్నారు?"

"పక్కన అంటే మరీ పక్కన కాదమ్మా. రెండూ ఒకే ఫోటోలో పడేంత దూరం. అదీ ఛైర్మన్ గారి కోరిక."

"ఆ ఫోటోలో తమరు కూడా ఉంటారాండీ?" అన్నాను నేను, కుంది చేత్తో పట్టుకొని.

హెచ్‌ఓడీ గారు నా వంక చూశారు, కుంది వంక చూశారు, గ్యాసు బండల వంక చూశారు. "చూద్దాం," అన్నారు. సాయంత్రానికి కుంది మైదానం అవతలి చివరికి వెళ్ళిపోయింది. ఆ గ్యాసు భగ్గుమంటుందన్న సంగతి అక్కడున్న ప్రతి ప్రొఫెసరుకీ తెలుసు. తెలిసినదాన్ని ఛైర్మన్ గారి ముందు నోటితో అనడం మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు.

మర్నాడు సోమవారం. బెలూన్ వదలడానికి విమానాశ్రయం వాళ్ళు ఇచ్చిన గడువు ఎనిమిదిన్నర దాకా. ఆ తర్వాత విమానాలు దిగుతాయి కాబట్టి కుదరదు. ఇటు సోమవారం రాహుకాలం ఏడున్నరకి మొదలై తొమ్మిది దాకా ఉంటుంది. అది నేను ఏ బళ్ళోనూ చదవలేదు, ఏ సోమవారం ఎవరి పందిట్లో పని చేసినా పురోహితుడి కంటే ముందు నాకే చెబుతారు. అందుకని ఏడుంపావుకే దీపం వెలిగించి బెలూన్ వదిలేద్దామని అందరూ ఒప్పుకున్నారు. అంతరిక్షానికీ పంచాంగానికీ మధ్య ఆ కాస్త సందే దొరికింది. అందులో అందరూ పట్టాలి. ఒక్క ముఖ్య అతిథి గారు పట్టలేదు.

ఏడింటికి ఫోన్ చేస్తే గన్నవరం దాటామన్నారు. ఏడుంపావుకి చేసినా గన్నవరం దాటామనే అన్నారు. అంటే స్నానానికి లేచారన్నమాట. ఈలోగా పిల్లలు బెలూన్‌లో గ్యాసు నింపారు. అది తెల్లగా, మనిషి కంటే పెద్దగా పెరిగి, తాడు పట్టుకున్న ముగ్గుర్నీ మునివేళ్ళ మీద నిలబెట్టింది. కారు వచ్చేసరికి ఎనిమిది.

ఛైర్మన్ గారు వాచీ చూసుకుని, "రాహుకాలం వచ్చేసింది. తొమ్మిది దాటాక కానిద్దాం. ఈలోగా సార్‌కి టిఫిను," అని అతిథిని గెస్ట్‌హౌసుకి తీసుకుపోయారు. అక్కడ పెసరట్లు వేడిగా ఉన్నాయి. వాటికి రాహుకాలం అడ్డు రాలేదు.

అమ్మాయి వాచీ చూపించింది. "సార్, ఎనిమిదిన్నరకి పర్మిషన్ అయిపోద్ది," అంది హెచ్‌ఓడీ గారితో.

"చూద్దాం. ఛైర్మన్ గారితో మాట్లాడొస్తా." ఆయన గెస్ట్‌హౌసుకి వెళ్ళి, మీసానికి అల్లప్పచ్చడితో తిరిగొచ్చారు. "ఒక గంట పొడిగించమని ఫోన్ చెయ్యమన్నారు."

ఆమె అందరికీ వినపడేలా ఫోన్ చేసింది. అవతలి గొంతు మర్యాదగానే చెప్పింది. "కుదరదమ్మా. ఎనిమిదిన్నర దాటితే మళ్ళీ మొదటి నుంచీ అప్లై చేసుకోవాలి. రెండు మూడు నెలలు పడుద్ది."

"మా ఛైర్మన్ గారు ఒకసారి మాట్లాడతారని చెప్పమ్మా," అన్నారు హెచ్‌ఓడీ గారు గొంతు తగ్గించి.

"ఏమని సార్, విమానాన్ని కాసేపు పైనే ఆగమనా?"

ఆయన తన ఫోన్‌లో ఏదో అర్జెంటు సంగతి వెతుక్కోవడం మొదలుపెట్టారు.

షామియానా కింద మిగిలిన ప్రొఫెసర్లు చేతులు కట్టుకొని కూర్చోలేదు. చర్చ చేశారు. ఫిజిక్సాయన అన్నారు: "అసలు రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి కదండీ. మన ఊరి రేఖాంశం లెక్క కడితే మొదలయ్యేది ఏడున్నరకి కాదు. కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు." ఇంకొకాయన, "బెలూన్ పైకి పోయేకొద్దీ సూర్యుడు ముందే కనపడతాడు కాబట్టి పైన రాహుకాలం వేరండీ," అన్నారు. ఇద్దరూ కాగితం తీసి లెక్క మొదలుపెట్టారు. ఆ గదిలో, ఆ సోఫాల్లో ఇన్నేళ్ళలో జరగని పరిశోధన ఆ పూట నా ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగింది. నా కుర్చీలకి అంత గౌరవం ఇంకెప్పుడూ దక్కలేదు.

అమ్మాయి బెలూన్ దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. పెట్టెకి కట్టిన ముడిని తడిమి చూసింది. వాచీ చూసింది. గెస్ట్‌హౌసు వంక చూసింది. తర్వాత తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మైకు పనిచేస్తుందా?"

"రాహుకాలంలో కూడా పనిచేస్తుందమ్మాయ్."

"ఇవ్వండి."

ఇచ్చాను. జాలితో ఇచ్చానని ఎవరూ అనుకోవద్దు. పొద్దుటి నుంచీ ఆ మైకులో "హలో టెస్టింగ్" తప్ప పనికొచ్చే మాట ఒక్కటీ రాలేదు. నా సామానుకీ ఒక పరువుంటుంది కదా.

"ఎవరూ దగ్గరికి రావద్దు," అంది మైకులో. "ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఉండి నాతో లెక్కపెట్టండి. పది..."

యూనివర్సిటీ బొమ్మ వేసిన టీషర్టులేసుకొని గంటన్నర నుంచి ఎండలో మాడుతున్న పిల్లలు ఒక్కసారిగా లేచారు. తొమ్మిది అనేది అమ్మాయి గొంతు. ఎనిమిది దగ్గర్నుంచీ ఊరి గొంతు. నేను గెస్ట్‌హౌసు వైపు కూడా రెండు మైకు గొట్టాలు కట్టాను, అతిథి గారికి స్వాగతం బాగా వినపడాలని. ఆ స్వాగతం కాస్తా ఇప్పుడు ఆయన ప్లేట్లోకి వెళ్ళి పడింది. ఛైర్మన్ గారు ఎంగిలి చేత్తోనే బయటికి పరిగెత్తుకొచ్చారు.

"ఆగండి! ఎవరది! ఆపండి!"

ఆయన "ఆపండి" అనడమూ పిల్లలు "సున్నా" అనడమూ ఒకేసారి జరిగాయి. తాడు పట్టుకున్న ముగ్గురూ చేతులు వదిలేశారు.

నేను చాలా ప్రారంభోత్సవాలు చూశాను. మొదలైనట్టు ఫోటో పడుతుంది, ఏదీ మొదలవదు. ఇది మొదలైంది. ముందు బెలూన్, దాని కింద పారాచూటు, దాని కింద పెట్టె, ఒకదాని వెనక ఒకటి తాడు లాక్కుంటూ లేచాయి. చెరువుల మీది కొంగలు బెదిరి పక్కకి తప్పుకున్నాయి. చూస్తుండగానే బెలూన్ కంచమంత అయింది, గిన్నెంత అయింది, చుక్కయింది. చెరువు గట్ల మీద మేత చల్లేవాళ్ళు కూడా పని ఆపి తలెత్తి చూశారు. నేను ఒక్క జోకు కూడా వేయలేదు. మా పనివాళ్ళు కంగారుపడి, "ఒంట్లో బాలేదా అన్నా?" అని అడిగారు.

ముఖ్య అతిథి గారు పెసరట్టు ముక్క నములుతూ వచ్చి, "అయిపోయిందా?" అన్నారు. ఆ రోజంతటిలో ఎవరైనా అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే.

"ఎవర్నడిగి వదిలావ్?" అని అమ్మాయి మీద విరుచుకుపడ్డారు ఛైర్మన్ గారు. "ఈ యూనివర్సిటీ నీదా నాదా? నీ రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేయిస్తా. రేపటి నుంచి గేటు లోపలికి రావద్దు!"

ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకొని లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒక చెయ్యి పైకెత్తింది. "ఒక్క నిమిషం సార్. సిగ్నల్ వస్తోంది."

అప్పుడు హెచ్‌ఓడీ గారికి ఆ సంవత్సరంలో మొదటి ఆలోచన వచ్చింది. "సార్, అతిథి గారి కోసం తొమ్మిదింటికి ఇంకోటి ఎగరేద్దాం," అన్నారు. గ్యాసు బండలు ఖాళీ అయ్యాయని పిల్లలు చెప్పారు. అందరూ నా వంక తిరిగారు.

"నా దగ్గరున్నవి డెకరేషన్ బుడగలండీ. పంపుతో గాలి కొట్టినవి. ఎగరవు," అన్నాను.

"ఎగిరేట్టు చెయ్యవయ్యా!" అన్నారు ఛైర్మన్ గారు, విమానాన్ని పైనే ఆగమని చెప్పగల గొంతుతో.

సరే, చేశాను. నా సామానులోని అన్నిటికంటే పెద్ద తెల్ల బుడగ తీసుకున్నాను. మెమెంటో వచ్చిన థర్మకోల్ డబ్బా దాని కింద కట్టాను. పక్క చెరువు కాపలాదారు దగ్గర గాలం దారం అడిగి తెచ్చి, ఒక కొస బుడగకి ముడేసి, రెండో కొస మేడ మీద మూడో అంతస్తులో ఉన్న మా వాళ్ళిద్దరి చేతికిచ్చాను. ఎండలో ఆ దారం కనపడదు. కనపడినా ఛైర్మన్ గారి ముందు చూసినవాళ్ళెవరూ ఉండరు.

తొమ్మిది దాటాక దీపం వెలిగింది. ఈసారి కుంది బుడగ పక్కనే పెట్టాను, లోపల ఉన్నది ఉత్త గాలే కాబట్టి. రెండూ ఒకే ఫోటోలో పడ్డాయి. శాలువాలు కప్పారు. అతిథి గారు అంతరిక్షంలో మన జిల్లా స్థానం గురించి చాలాసేపు మాట్లాడారు. తర్వాత ఇద్దరు పెద్దలూ కలిసి బుడగని వదిలారు. మా వాళ్ళు నూతిలోంచి చేద లాగినట్టు గుంజారు. బుడగ ఒక్కొక్క కుదుపుకీ కొంచెం కొంచెం పైకి పోయింది.

"అలా కుదుపులేంటి?" అన్నారు అతిథి గారు.

"పైన గాలి పొరలు సార్," అన్నారు ఫిజిక్సాయన, కన్నార్పకుండా.

చప్పట్లు మోగిపోయాయి. బుడగ మూడో అంతస్తు పిట్టగోడకి తగిలి ఆగింది. ఈలోగానే అతిథి గారిని కారు వైపు తిప్పేశారు.

అసలు పెట్టె సంగతి వేరే. అది మధ్యాహ్నం దాకా పైనుంచి మాట్లాడుతూనే ఉందట. బెలూన్ పగిలాక పారాచూటు మీద దిగి, కైకలూరు అవతల ఒక చేపల చెరువులో పడింది. మా వ్యానులోనే వెళ్ళాం. మేత పడవలో ఉన్నాయన దాన్ని తీసి గట్టు మీద ఆరబెట్టి కూర్చున్నాడు. లోపలికి నీళ్ళు పోయినా నష్టం లేదు, కావలసినదంతా రేడియోలో ముందే కిందికి వచ్చేసింది. అమ్మాయి పెట్టెని గుండెకి హత్తుకుంది. వెంటనే, "నోటీసు ఇస్తారేమో బాబాయ్," అంది. పెట్టె తడి ఆమె చున్నీకంతా పట్టింది.

నోటీసు తయారైన మాట నిజం. సాయంత్రమే టైపు చేయించారు. సంతకం మర్నాటికి ఉంచారు. మర్నాడు పొద్దున్నే పేపరొచ్చింది. ఛైర్మన్ గారూ అతిథి గారూ స్వహస్తాలతో బెలూన్ వదులుతున్న ఫోటో, పక్కన దీపం, కింద అది అంతరిక్షం అంచు దాకా వెళ్ళి విజయవంతంగా సమాచారం పంపిందన్న వార్త. సమాచారం ఆ అమ్మాయిది, ఫోటో నా బుడగది. ఇక నోటీసు ఎలా ఇస్తారు? అనుమతి లేకుండా ముందే ఎగరేసిందని రాస్తే, మరి పేపర్లో ఛైర్మన్ గారు ఎగరేసిందేమిటని అడుగుతారు. హెచ్‌ఓడీ గారు ఆ కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు. "చూద్దాం," అన్నారట.

ఆ నెలాఖరుకి ఫలితాలు వెళ్ళాయి. రాకెట్ వాళ్ళు ఆ మూల చోటు ఆ పెట్టెకే ఖాయం చేశారు. గేటు దగ్గర కొత్త ఫ్లెక్సీ వచ్చింది. ఈసారి అమ్మాయి ఫోటో కూడా వేశారు, రాకెట్ నిప్పుల పక్కన, తపాలా బిళ్ళంత.

ఆ కబురు తెలిసిన సాయంత్రం మా వీధి మలుపులో స్కూటీ మీద ఎదురైంది. ఊరుకోవడం నా వల్ల అవుతుందా? చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"ఎంతైనా చెప్పు అమ్మాయ్, ఆ రోజు నీ బెలూన్ కంటే నా బుడగకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. పేపర్లో ఫోటో కూడా నాదానిదే."

హెల్మెట్ అద్దం పైకెత్తి నవ్వింది.

"పడవా మరి? మీది కనపడకుండా పోయేంత ఎత్తుకి పోలేదు కదా బాబాయ్."